రెండో బిగింపు

పడినవాళ్ళే బెల్లం పెట్టాలి. పూర్ణచంద్రరావుగారి రైడింగ్ స్కూలులో అది తిరుగులేని నియమం. ఏ గుర్రం మీదనుంచి పడ్డారో ఆ గుర్రానికి, మళ్ళీ వచ్చిన మొదటి పూటే, తోటివాళ్ళంతా చూస్తుండగా అరచేతిలో బెల్లం ముక్క ఉంచి తినిపించాలి. తినిపించి "తప్పు నాది" అనాలి. గుర్రం ఎన్నడూ తప్పు చేయదనీ, చేసేదంతా పైన కూర్చున్న మనిషేననీ ఆయన సిద్ధాంతం. బాపట్లనుంచి సూర్యలంక సముద్రానికి పోయే దారిలో, సరుగుడు తోటల నడుమ ఇసుక నేల చదును చేయించి ఆయన ఆ స్కూలు పెట్టిన నాటినుంచి వైద్యుల పిల్లలు, రొయ్యల చెరువుల ఆసాముల పిల్లలు, ఎవరు పడినా ఆ మాట చెప్పి బెల్లం పెట్టినవారే.

మంగళవారం సాయంత్రం మేధ వంతు వచ్చింది.

మేధకు పదిహేనేళ్ళు. ఎడమ మణికట్టునుంచి మోచేతి దాకా సిమెంటు కట్టు. మెడకు కట్టిన గుడ్డలో ఆ చేయి వేలాడుతున్నది. కుడి అరచేతిలో బెల్లం. ఎదుట తెల్లని ఆడగుర్రం మల్లిక, మెడ కొంచెం వంచి, ముక్కుపుటాలు కదిలిస్తూ నిలబడి ఉన్నది.

"వేళ్ళు చాపి ఉంచు తల్లీ, ముడవకు" అన్నాడు పూర్ణచంద్రరావు. ఆయన గొంతు మెత్తన. ఏభై దాటిన మనిషైనా నడుము వంగలేదు, మీసం నెరవలేదు. పిల్లలతో కోపంగా మాట్లాడగా విన్నవారు లేరు.

మల్లిక పెదవులతో తడిమి బెల్లం అందుకున్నది. మేధ చేయి వెనక్కు తీసుకోలేదు. గుర్రం అరచేతిని నాకుతుంటే అలాగే ఉంచింది.

"తప్పు నాది" అన్నది.

"ఎందువల్ల పడ్డావో కూడా చెప్పమ్మా. మిగతావాళ్ళకి తెలియాలి కదా."

"మలుపులో పక్కకి వాలానండి."

పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. అదీ నియమంలో భాగమే. అక్కడితో తప్పు తీరిపోయినట్టు లెక్క.

వెదురు కంచె బయట నిలబడిన తల్లి సూర్యకుమారికి ఆ చప్పట్లు చెంపమీద పడినట్టయింది. తెనాలి మారీసుపేటలో వీణ నేర్పే మనిషి ఆమె. ఇరవయ్యేళ్ళుగా ఆమె ముందు తప్పు వాయించని పిల్ల లేదు. అయినా ఏనాడూ ఒక పిల్ల చేత పదిమందిలో తప్పు ఒప్పించలేదు. అదీగాక ఆదివారంనాడు ఆమె ఇదే కంచె దగ్గర నిలబడి కళ్ళారా చూసింది. పిల్ల వాలి జీను జారలేదు. జీను ముందు జారింది. దానితోపాటు పిల్ల వెళ్ళిపోయింది. కిందపడిన మేధను ఎత్తుకోవడానికి పరుగెత్తినప్పుడు జీను మల్లిక పొట్ట కింద గబ్బిలంలా వేలాడుతున్నది. గుర్రం మాత్రం అడుగు కదపకుండా స్తంభంలా నిలబడింది. ఆనాడే ఆ మాట అడిగితే రావుగారు చిరునవ్వు నవ్వి, పిల్ల ఒకవైపు బరువు వేస్తే జీను కూడా అటే వస్తుందమ్మా అన్నాడు. గుర్రాల సంగతి ఏమీ తెలియని సూర్యకుమారి నోరు మూసుకుంది.

తిరుగు రైలు అప్పికట్ల దాటింది. మేధ కిటికీలోనుంచి బయటికి చూస్తూ, "నాకు ఒంట్లో తూకం లేదటమ్మా. కొందరికి పుట్టుకతోనే ఉండదట" అన్నది.

"ఎవరన్నారు?"

"సారే అన్నారు. తిట్టలేదులే. మంచిగానే చెప్పారు."

ఆ మంచితనమే సూర్యకుమారి గుండెలో ముల్లై దిగింది. ఇంటికి వెళ్ళాక మేధ వీణ ఉన్న గదిలోకి రాలేదు. కట్టు విప్పితే వేళ్ళు మునుపటిలా వీణ మెట్లమీద నడుస్తాయని వైద్యుడు చెప్పాడు. అయినా పిల్ల తన చేతిని తనది కానట్టు, ఎవరో దాచిపెట్టమని ఇచ్చిన వస్తువులా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సందెదీపం పెట్టి దేవుని ఎదుట నిలబడిన సూర్యకుమారి ఆ పూట అష్టోత్తరం మధ్యలో నామం మరిచిపోయింది. మనసులో మరో వాక్యం తిరుగుతున్నది. ఆ బెల్లం ఆ మనిషి చేత పెట్టించాలి. ఆ మాట ఆ నోటితో అనిపించాలి. పదిమందిలో. పిల్ల చూస్తుండగా.

అమ్మవారి ముందు కోరదగిన కోరిక కాదని తెలిసీ, కోరిక వెనక్కు తీసుకోలేదు.

బుధవారం తెల్లవారగానే ఆమె రావుగారికి ఫోను చేసి, తాను కూడా నేర్చుకుంటానన్నది. పిల్లకు భయం పోవాలంటే తల్లి ఎక్కి చూపించడం కంటే దారి లేదని చెప్పింది. ఆయన ఎంతో సంతోషించాడు. పొద్దుటి బృందంలో పెద్దవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారనీ, సిగ్గుపడనక్కరలేదనీ అన్నాడు. మేధ ట్రాక్ ప్యాంటు, మోకాళ్ళు దాటే పాత కుర్తా వేసుకుని, పైన చున్నీ నిండుగా కప్పుకుని ఆమె రైలెక్కింది. చీర లేకుండా ప్లాట్‌ఫారం మీద నిలబడడం పెళ్ళయ్యాక అదే మొదలు. ఎరిగినవాళ్ళెవరూ ఎదురుపడకూడదని దండం పెట్టుకుంటూ పోయింది.

"చూశారా, తల్లంటే ఇట్లా ఉండాలి" అని రావుగారు అందరికీ ఆమెను చూపించాడు. తరువాత వచ్చిన కొత్తవాళ్ళకూ అదే చెప్పాడు. ఆయన గొప్పలలో తానూ ఒకటై పోయానని సూర్యకుమారికి అర్థమయింది. మంచిదే అనుకున్నది.

మొదటిరోజు ఎక్కనివ్వలేదు. ఎక్కడానికి ముందు కట్టడం రావాలన్నాడు. గోరింట రంగు మగగుర్రం ఒకటి ఉంది, దాని పేరూ గోరింటే. గుర్రాలు చూసే కొండయ్య దానిని తెచ్చి నిలబెట్టాడు. పిట్టలవానిపాలెం మనిషి, మాట తక్కువ, బీడీ ఎక్కువ. వీపు మీద బ్రష్షుతో దుమ్ము దులపడం, మడత లేకుండా గుడ్డ పరచడం, జీను మెడవైపునుంచి వెనక్కు జరిపి వెంట్రుకలు నలగకుండా దించడం, ఒక్కొక్కటీ రావుగారు చేసి చూపించి, ఆమె చేత చేయించాడు. నేర్పడంలో ఆయనకు వంక పెట్టడానికి లేదు. తానూ నేర్పే మనిషే కనుక సూర్యకుమారి ఆ సంగతి గ్రహించకుండా ఉండలేకపోయింది. అందుకు తనమీద తనకే చిరాకు వేసింది.

"ఇప్పుడు పొట్టపట్టీ. మొత్తం విద్యలో ముఖ్యమైంది ఇదేనమ్మా" అన్నాడాయన. గుర్రం కడుపు కిందుగా పట్టీ ఇవతలికి లాగి, జీను రెక్క ఎత్తి, తోలువారును బకిలులో దూర్చాడు. "ఇది మనకంటే తెలివైంది. బిగిస్తున్నామని తెలియగానే ఊపిరి పీల్చి పొట్ట ఉబ్బిస్తుంది. మనం గట్టిగా కట్టామనుకుంటాం. అందుకని నాలుగడుగులు నడిపించాలి. ఊపిరి వదిలేస్తుంది. అప్పుడు రెండోసారి బిగించాలి. చూడండి."

నడిపించి తెచ్చాడు. పట్టీ కింద మూడు వేళ్ళు దూరాయి. పైకి లాగి ఇంకో రెండు రంధ్రాలు బిగించాడు. ఈసారి ఒక వేలు కష్టంగా దూరింది.

సూర్యకుమారికి ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేకపోయింది. వీణకు కొత్త తీగ వేసినప్పుడు శ్రుతికి తెచ్చి వదిలితే చాలదు. తీగ సాగుతుంది, శ్రుతి దిగుతుంది. మళ్ళీ బిరడ తిప్పాలి. రెండోసారి తిప్పనివాడు వైణికుడు కాడు.

"రెండోసారి బిగించకపోతే ఏమవుతుందండి?" అని అడిగింది.

"ఏముంది, మలుపులో జీను తిరిగిపోతుంది. మనిషి కింద, జీను గుర్రం పొట్ట కింద."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో ఒక్క గీత కూడా మారలేదు. చెప్పి, గోరింట మెడ తట్టి, మరొకరి దగ్గరికి వెళ్ళిపోయాడు.

సూర్యకుమారి పట్టీ మీద చేయి ఉంచి అక్కడే నిలబడిపోయింది. ఆదివారంనాటి దృశ్యం అంతా కళ్ళముందు పరుచుకుంది. ఆరోజు మల్లికకు జీను కట్టినవాడు రావుగారే. ఒకసారి బిగించాడు, పగ్గం పట్టుకుని కంచె దాకా నడిపించాడు. అంతలో చీరాలనుంచి వచ్చిన ఎవరో పెద్దమనిషి ఫోటో దిగుదామని పిలిచాడు. మల్లికను మేధకు అప్పగించి ఆయన వెళ్ళాడు. నవ్వుతూ తిరిగివచ్చాడు. ఆ నవ్వుతోనే పిల్లకు రెండు చేతులూ ఆసరా ఇచ్చి ఎక్కించాడు. మల్లిక తొడమీద చరిచాడు. ఆయన చేయి మళ్ళీ జీను రెక్క దగ్గరికి పోలేదు. ఆమె చూసింది. చూసినదానికి అర్థం ఇప్పుడు తెలిసింది.

ఆయన దాస్తున్నాడేమో అనుకున్నా బాగుండేది. దాచడం లేదు. ఆయనకు జ్ఞాపకమే లేదు. తన బిడ్డ చేయి విరగ్గొట్టి, పుట్టుకలోనే తూకం లేదని చెప్పి, ఆపైన మరిచిపోయాడు. అబద్ధమాడినవాడైతే కనీసం నిజాన్ని కడుపులో మోస్తుంటాడు. ఈయన ఆ బరువు కూడా మోయడం లేదు.

గోరింటను తిరిగి కట్టేసే నెపంతో ఆమె కొట్టంలోకి వెళ్ళి కొండయ్యను అడిగింది. పోయిన ఆదివారం మల్లిక పట్టీ సారు రెండోసారి బిగించారా అని. కొండయ్య గుర్రం డెక్క ఒళ్ళో పెట్టుకుని ఇసుక గీకుతున్నాడు. తల ఎత్తలేదు.

"నేను చూడలేదండమ్మగారూ."

"నువ్వు మల్లిక పక్కనే ఉన్నావు కదయ్యా."

"పక్కనే ఉన్నానండి. చూడలేదండి" అన్నాడు. కాసేపు గీకి, "గుర్రాలతో పనే గానీ మనుషులతో నాకేం పనండి" అని డెక్క కింద పెట్టాడు.

గురువారం ఎక్కించారు. పొడవాటి తాడు చివర గోరింట గుండ్రంగా తిరుగుతుంటే, తాడు రెండో కొస నడుమ నిలబడిన రావుగారి చేతిలో ఉంది. మడమలు కిందికి, చూపు ముందుకి, పగ్గాలు మెత్తగా. ఆయన చెప్పే ప్రతి మాటా ఆమె ఒంట్లోకి దిగింది. తొడలు మండాయి, నడుము పట్టేసింది. గోరింట నడక వదిలి ట్రాట్‌లో, కుదుపు పరుగులో పడగానే ఎగిరెగిరి పడి నాలుక కరుచుకుంది. "తాళం పట్టుకోండమ్మా, మీకు తెలిసిందే కదా" అని ఆయన అరిచాడు. అంతలో నిజంగానే తాళం దొరికింది. లేచి కూర్చోవడం, లేచి కూర్చోవడం. గుర్రం అడుగూ ఆమె ఊపిరీ ఒకటయ్యాయి. సరుగుడు చెట్లలోనుంచి సముద్రపు గాలి వచ్చి ముఖానికి తగిలింది. నలభై ఆరేళ్ళ వయసులో ఇంతటి సంతోషం ఒకటి మిగిలి ఉందని ఆమె ఎరగదు. పగ తీర్చుకోవడానికి వచ్చిన చోట ఆ సంతోషం దొరకడం ఆమెకు అవమానంగా తోచింది. మేధకు దక్కకుండా పోయింది ఇదే కదా అనుకున్నది. దానితో సంతోషం కూడా పగలో కలిసిపోయింది.

ఆ సాయంత్రం భర్త వెంకటరాఘవయ్య రేపల్లె ప్యాసింజరు దిగి ఇల్లు చేరేసరికి, సూర్యకుమారి గోడ పట్టుకుని నడుస్తున్నది. ఆయన రేపల్లెలో జూనియర్ కాలేజీ సంస్కృతం అధ్యాపకుడు, రోజూ పోయివస్తాడు. మెత్తని మనిషి. ఇంట్లో ఎవరు ఎవరిని ఏమన్నా ముందు తాను క్షమించేసేవాడు.

"ఈ గుర్రాల పిచ్చి ఏంటి కుమారీ? పిల్ల పడింది చాలదా?" అన్నాడు.

ఆమె జరిగినదంతా చెప్పింది. ఆయన విన్నాడు. విని, పొరపాటు మనిషి సహజమనీ, చేయి అతుక్కుంటుందనీ, కోపం పట్టుకున్నవాణ్ణే కాలుస్తుందనీ అన్నాడు. గదిలో మేధ పుస్తకం తెరిచి చదవకుండా కూర్చుని ఉంది. ఆమె వినకూడదని ఇద్దరూ నెమ్మదిగానే మాట్లాడుకున్నారు.

ఆయన కాళ్ళు కడుక్కుని, విభూతి పెట్టుకుని, సంధ్యకు పంచపాత్ర అందుకుంటుండగా సూర్యకుమారి అడిగింది. "ఏవండీ, చేయవలసిన పని చేయకపోతే పాపం ఉందా? చెడ్డపని ఏదీ చేయలేదు. చేయవలసింది చేయలేదు, అంతే."

శాస్త్రం అడిగేసరికి ఆయన ముఖం వికసించింది. "ఎందుకు లేదు? ఈ సంధ్యావందనమే ఉంది. నిత్యకర్మ చేసినందుకు ప్రత్యేకం పుణ్యం అంటూ రాదు. మానేస్తే మాత్రం ప్రత్యవాయం ఉంది. మానడం కూడా దోషమే. చేసినదానితో సమానం."

"మరిచిపోయి మానేస్తే?"

"మరుపు దోషాన్ని పోగొట్టదు. ప్రాయశ్చిత్తం చేసుకోవాలి." పంచపాత్రలో నీళ్ళు పోస్తూ ఆయన ఆగాడు. "ఎవరి సంగతి ఇది?"

"గుర్రం సంగతి" అని ఆమె లోపలికి వెళ్ళింది.

శుక్రవారం రావుగారే ఆమెకు దారి చూపించాడు. ఆదివారం తల్లిదండ్రులందరినీ పిలిచి పిల్లల చేత ప్రదర్శన చేయిస్తున్నాడు. ముందు మల్లిక మీద తాను, వెనుక వరుసగా శిష్యులు. అట్లాంటి రోజున అందరికంటే కొత్తగా చేరిన శిష్యులు గురువు గుర్రానికి జీను కట్టాలి. అది కూడా ఆ స్కూలు ఆచారమే. "అది మీ భాగ్యం ఈసారి" అన్నాడు నవ్వుతూ. సూర్యకుమారి కూడా నవ్వింది.

ఆమె చేయవలసినదేమీ లేదు. తోలు కోయనక్కరలేదు, బకిలు విరవనక్కరలేదు. ఒకసారి బిగించి ఊరుకోవడమే. ఆయన ఏది చేయలేదో అదే తానూ చేయదు. మలుపులో ఆయన పడతాడు. పడితే ఆయన నియమం ఆయన మెడకే చుట్టుకుంటుంది. బెల్లం పెట్టి ఆ మాట అనక తప్పదు. ఏభై దాటిన ఎముకలు విరిగితే? విరగనీ అనుకున్నది. మల్లిక బెదిరి పరుగు తీస్తే, వెనుక వచ్చే పిల్లల గుర్రాలు? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా, ఆనాడు మల్లిక స్తంభంలా నిలబడింది కదా అని తనకు తాను చెప్పుకున్నది. శనివారమంతా అదే చెప్పుకున్నది. చెప్పుకోవలసిన అవసరం తీరలేదు.

ఆదివారం షామియానా వేశారు. ప్లాస్టిక్ కుర్చీలలో తల్లిదండ్రులు నిండిపోయారు. వెంకటరాఘవయ్యకు ఎండా సందడీ పడవు, రాలేదు. మేధ రానన్నది. తాను గుర్రమెక్కడం చూడవా అని తల్లి అడిగేసరికి కాదనలేక వచ్చి కంచె దగ్గర చివరన నిలబడింది, కట్టు ఉన్న చేతిని చున్నీ కింద దాచుకుని.

చున్నీ కొంగున బెల్లం ముడివేసుకుని, కొట్టం ముందు సూర్యకుమారి మల్లికకు బ్రష్షు కొట్టింది. గుడ్డ పరిచింది, జీను దించింది. పట్టీ ఇవతలికి లాగుతుండగా మల్లిక ఊపిరి పీల్చుకోవడం ఆమె మోచేతికి తెలిసింది. ఒకసారి బిగించింది. పగ్గం పట్టుకుని వేపచెట్టు దాకా నడిపించి తెచ్చింది. మల్లిక దీర్ఘంగా ఊపిరి వదిలింది.

ఆమె వేళ్ళు పట్టీ కిందికి పోయాయి. మూడు వేళ్ళు దూరాయి. శ్రుతి దిగిన తీగ వేలికి ఎలా తగులుతుందో అలా తగిలింది. ఆ వేళ్ళకు ఇరవయ్యేళ్ళ అలవాటు. దిగినదానిని ఎక్కించకుండా వదలడం వాటికి చేతకాదు. జీను రెక్క ఎత్తడానికి అవే లేచాయి. ఆమె పిడికిలి బిగించి చేయి వెనక్కు తీసుకుంది. పక్కనే కొండయ్య నీళ్ళ బక్కెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పట్టీ వంక చూశాడు, ఆమె వంక చూశాడు. బక్కెట్టు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఈసారి కూడా అతను చూడలేదు.

తెల్లని చొక్కా, మోకాళ్ళ దాకా బూట్లతో పూర్ణచంద్రరావు వచ్చాడు. కాలరుకు చిన్న మైకు తగిలించుకున్నాడు. ఆయన మాట షామియానా స్తంభానికి కట్టిన పెట్టెలోనుంచి వినబడుతున్నది. రెండోసారి చూశారా అని అడిగితే చూశాననడానికి సూర్యకుమారి అబద్ధం సిద్ధం చేసుకుని ఉన్నది. ఆయన అడగలేదు. సిమెంటు దిమ్మ మీదనుంచి తేలికగా ఎక్కి కూర్చుని, వెనుక పిల్లలు గుర్రాల మీద వరుసగా ఎదురుచూస్తుండగా, కుర్చీలవైపు తిరిగి మాట్లాడసాగాడు. పిల్లలను గుర్రమెక్కించడమంటే నమ్మకం ఎక్కించడమన్నాడు. తమ బిడ్డను తన చేతిలో పెట్టిన ప్రతి తల్లికీ తాను జవాబుదారినన్నాడు.

అలా మాట్లాడుతూనే, కిందికి చూడకుండానే, ఎడమకాలు ముందుకు జరిపాడు. ఎడమచేయి కిందికి వంగి జీను రెక్క ఎత్తింది. తోలువారు పట్టుకుని పైకి లాగింది. ఒక రంధ్రం, ఇంకొకటి. రెక్క వదిలింది. కాలు తిరిగి రికాబులోకి వచ్చింది. మాట ఎక్కడా తెగలేదు. కుర్చీలలో ఎవరూ గమనించలేదు.

అంతా పోయింది అనుకున్నది సూర్యకుమారి. నాలుగు రోజుల నొప్పీ, సిద్ధం చేసుకున్న అబద్ధమూ, అమ్మవారి ముందు కోరిన కోరికా, అన్నీ ఆ రెండు రంధ్రాలలోనుంచి జారిపోయాయి.

మరుక్షణం ఆమె ఆ చేతివంకే చూస్తూ ఉండిపోయింది. ఆ చేయికి మరుపు లేదు. ఎవరూ గుర్తుచేయకుండానే అది తన యజమానిని కాపాడుకుంటుంది. తెలిసిన చేయి. ప్రతిసారీ తెలిసిన చేయి. మేధ వంతు వచ్చేసరికి మాత్రం కదలని చేయి.

ఆమె ముందుకు నడిచి మల్లిక పగ్గం పట్టుకుంది.

"రావుగారూ, ఒక్క నిమిషమండి." ఆయన వంగి చూడడంతో ఆమె మాట కూడా మైకులో పడింది. "ఇప్పుడు మీ చేయి ఏం చేసిందండి?"

"ఏంటమ్మా?"

"పొట్టపట్టీ బిగించింది కదా. ఎందుకని?"

ఆయన కుర్చీలవైపు చూసి నవ్వాడు. "మీరు వదులుగా కట్టారు. కొత్త కదా, పర్వాలేదులెండి." కుర్చీలలో కొందరు నవ్వారు.

"వదులుగానే ఉంచానండి. బిగించుకోకపోతే ఏమయ్యేది?"

"ఏమవుతుంది, మలుపులో పడేవాణ్ణి" అన్నాడు ఆయన. అని, ఆగాడు.

"పోయిన ఆదివారం మా మేధను ఇదే గుర్రం ఎక్కించారు. ఆ పూట ఈ చేయి ఇక్కడికి వచ్చిందా అండి?"

స్తంభానికి కట్టిన పెట్టెలోనుంచి ఆయన ఊపిరి వినబడింది. ఆయన చూపు కంచె దగ్గరికి పోయింది, ఫోటో దిగిన చోటికి పోయింది, తిరిగి వచ్చింది. ఆయనకు జ్ఞాపకం వస్తున్నదని సూర్యకుమారికి తెలిసింది. అది ఆ ముఖం మీదకు ఎక్కడం ఆమె రెప్ప వేయకుండా చూసింది. ఇన్నాళ్ళూ ఆమె ఒక్కతే మోసిన బరువు అటు మారుతున్నది.

"మీరేదో మనసులో పెట్టుకుని..." అని మొదలుపెట్టి, ఆయన ఆమె చున్నీ కొంగు ముడివంక చూశాడు. అందులో ఏముందో అర్థమయింది. గొంతు తగ్గించాడు గాని మైకు తగ్గించలేదు. "నియమం పడినవాళ్ళకమ్మా. నేను పడలేదు కదా."

"పడలేదు. అదేనండి నేను చెబుతున్నది."

కుర్చీలలో వెనుక వరుసలోనుంచి ఒకాయన లేచాడు. చీరాల పక్క ఈపురుపాలెం నుంచి వచ్చిన చీరల వ్యాపారి, పేరు ప్రకాశం. ఎవరినీ ఏమీ అనకుండా కూతురు కూర్చున్న గుర్రం దగ్గరికి నడిచి, జీను రెక్క ఎత్తి, పట్టీ కింద వేలు దూర్చి చూశాడు. ఆయన వెనుక ఇంకొక తల్లి లేచింది. ఆమె వెనుక మరొకరు. ఎక్కడ పట్టుకోవాలో తెలియనివాళ్ళు పిల్లలనే అడిగి చూసుకున్నారు. కాసేపటికి పూర్ణచంద్రరావు ఎదుట కుర్చీలన్నీ ఖాళీ అయ్యాయి. ఆయనవైపు చూసేవారు లేరు. అందరి వేళ్ళూ పట్టీల కింద ఉన్నాయి.

ఆయన దిగాడు. దిగడంలో ఇందాకటి తేలిక లేదు.

సూర్యకుమారి కొంగుముడి విప్పింది. చిన్న బెల్లం అచ్చు అది. విరిచి, ఒక ముక్క ఆయన అరచేతిలో పెట్టింది. మల్లిక ఎప్పటిలాగే పెదవులతో తడిమి అందుకున్నది. ఎవరి చేతిలో బెల్లమైనా దానికి ఒకటే.

"తప్పు నాది" అన్నాడు పూర్ణచంద్రరావు. మైకు ఆ మాటను పెద్దది చేసి సరుగుడు తోటల దాకా తీసుకుపోయింది. "ఎందువల్లనో కూడా చెప్పండి" అని సూర్యకుమారి అన్నది. ఆ రోజు ఆయన గొంతులో ఉన్నంత మెత్తదనమూ ఇప్పుడు ఆమె గొంతులో ఉంది. "రెండోసారి బిగించలేదు" అన్నాడాయన.

గుర్రాల మీద ఉన్న పిల్లలకు అలవాటు. నియమం పూర్తయింది కనుక వాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు సూర్యకుమారి తల వంచకుండా, తొందరపడకుండా, చివరిది ఆగిపోయేదాకా విన్నది. ఆకలిగొన్నవాడు విస్తరిలో చివరి మెతుకు దాకా తిన్నట్టు విన్నది.

మేధ కంచె దాటి ఎప్పుడు వచ్చిందో ఆమె గమనించలేదు. వచ్చి, మంచి చేత్తో మల్లిక పొట్టపట్టీ తాకింది. ఒక వేలు లోపలికి తోసింది. దూరలేదు.

"ఇంతేనా అమ్మా? అయితే నేను వాలలేదా?"

"లేదు. నిటారుగానే కూర్చున్నావు. జారింది నువ్వు కాదు."

మేధ చున్నీ కింద దాచిన కట్టుచేతిని బయటికి తీసి, పైన పడిన ఇసుకను ఊదుకున్నది. అది తన చేయే అయినట్టు ఊదుకున్నది.

ప్రదర్శన జరగలేదు. తల్లిదండ్రులు పిల్లలను దించుకుని ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. రావుగారు తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. షామియానా కుర్రాళ్ళు కుర్చీలు ఒకదానిలో ఒకటి పెడుతున్నారు. సూర్యకుమారి మల్లికను కొట్టం ముందుకు నడిపించుకు వచ్చి, పట్టీ వదులు చేసి, జీను దించింది. తడిసిన వీపు మీద గుడ్డ జాడ చదరంగా పడి ఉంది. ఆ తడి వీపు మీద అరచేయి ఆనించి కొంతసేపు నిలబడింది. ఇందాక ఇక్కడే తన పిడికిట్లో బిగుసుకున్న వేళ్ళు ఇంకా పూర్తిగా వదలలేదు.

కొంగులో మిగిలిన బెల్లం ముక్క తీసి, వేళ్ళు చాపి, మల్లిక మూతి ముందు పెట్టింది. ఆమె పెదవులు కదిలాయి. ఏమన్నదో గుర్రానికి తప్ప వినబడలేదు.

బయలుదేరుదామని చెప్పులు వేసుకుంటున్న మేధ అది చూసింది.

"నువ్వు పడలేదుగా అమ్మా?"

"పడలేదు" అన్నది సూర్యకుమారి. చేయి వెనక్కు తీసుకోకుండా, మల్లిక ఆఖరి తీపి నాకేదాకా అలాగే చాపి ఉంచింది.